తిరిగొస్తాం సార్, నమ్మండి

షెంజెన్ వీసా అధికారి గారికి,



మీరు ఏ దేశం తరఫున కూర్చున్నారో రాయను. షెంజెన్ కూటమిలోని 29 దేశాల్లో ఒకటి, అంతే. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోజెల్ నదిలో ఓడ మీద కూర్చుని ఐదు దేశాల వాళ్లు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు చేశారు. మంచి పని. ఎత్తేసిన ఆ తనిఖీలన్నీ ఏమయ్యాయా అనుకునేవాణ్ణి. హైదరాబాదులో వీసా సెంటరు కౌంటరు దగ్గర కనబడ్డాయి.

పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, మీ గడ్డ వదిలాక ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి అన్నారు. న్యాయమే. వైద్య ఖర్చుల బీమా 30,000 యూరోలకు తగ్గకూడదన్నారు. నా ఒంటికి ఇంతవరకు ఎవరూ అంత ఖరీదు కట్టలేదు, సంతోషించాను.

చిక్కల్లా మా ఆవిడతో వచ్చింది. ఆవిడ ఖర్చు నాదేనన్నాను గనక, ఆవిడ నా భార్యేనని రుజువు కావాలట. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. మా రోజుల్లో పల్లెటూళ్లో పెళ్లిని రిజిస్టరు చేయించడమనే ఊసే లేదు. నలిగిపోయిన శుభలేఖ, తలంబ్రాల ఫొటో, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్తే, గుమాస్తా ఎగాదిగా చూసి "ఈ వయసులో పెళ్లేంటి మాస్టారూ?" అన్నాడు. మా ఆవిడ పగలబడి నవ్వింది. మీకిచ్చే 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటోలో మాత్రం నవ్వకూడదు కదా, ఆ ఒక్క నిమిషం ఆపడానికి నానా తంటాలు పడ్డాం.

ఇంతా చేస్తే అచ్చు కాగితం మీద ఓ గడిలో గుర్తు పెట్టి పంపారు: గడువులోగా వెనక్కి వెళ్తారో లేదో సందేహమట!

అక్కడ ఉండిపోయి ఏం చేస్తాం సార్? ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే నా పింఛను ఆగుతుంది. కోతల వేళకు ఊళ్లో లేకపోతే ఆ ఏడు కౌలు గోదాట్లో కలిసినట్టే. అన్నిటికీ మించి, చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాం. వీసా వస్తే 108 చేయాలి. ఆ బాకీ ఎగ్గొట్టి మీ ఊళ్లో కాపురం పెట్టే ధైర్యం మా ఆవిడకు లేదు. మీ జాబితాలో దీనికి గడే లేదు.

మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల వీసా ఇచ్చేలా 2024లో నియమం తెచ్చారు. తొలిసారి వెళ్లేవాడి సంగతో? పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు.

అదే ఏడు జూన్‌లో ఫీజు 80 నుంచి 90 యూరోలకు పెంచారు. వీసా ఇవ్వకపోయినా అది మీదే. మేం తిరిగొస్తామని నమ్మకం లేకపోతే మానె, కనీసం మా డబ్బునైనా తిరిగి రానివ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు