ఇనప్పెట్టెలో వైఫై

మన కుర్రాళ్లకి కొత్త పిచ్చి పట్టింది. కంపెనీవాడు కనెక్షన్‌తో ఇచ్చిన రౌటర్ చేతకానిదట, నమ్మదగనిదట. కాబట్టి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డొకటి కొని, అల్యూమినియం డబ్బాలో బిగించి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ తర్వాత చప్పట్ల బొమ్మలు ఎలాగూ వస్తాయి.

ముచ్చట తీర్చుకోనివ్వండి, కాదనను. నాకు మింగుడుపడనిది ఆ డబ్బా.

చిప్ వేడి 80 డిగ్రీలు దాటితే అది తనంతట తానే నెమ్మదిస్తుంది. అందుకని దాని నెత్తిన మెత్తటి థర్మల్ ప్యాడ్ అంటించి, వేడిని డబ్బా మూతకి పంపాలి. బాగానే ఉంది. ఆ ప్యాడ్‌కి సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని ఒలవకుండానే బిగించేసి, "ముట్టుకు చూడండి అంకుల్, ఎంత చల్లగా ఉందో" అనే మహానుభావులున్నారు. వేడంతా లోపలే ఉడుకుతుంటే మూత చల్లగా ఉండక ఏం చేస్తుంది?

అసలు వింత ఇంకా ఉంది. వైఫై యాంటెన్నా ఆ బోర్డు మీదే, ఓ అంచున, చిన్న త్రికోణంలా ఉంటుంది. బయటి యాంటెన్నా తగిలించే ఏర్పాటు లేదు. అలాంటిదాన్ని తీసుకెళ్లి లోహంలో మూసేశాడు మనవాడు. రేడియో తరంగాలకి లోహం అడ్డమని ఇంటర్‌లో చదివినవాడే, లిఫ్టులో ఫోన్ కట్టయితే విసుక్కునేవాడే. పోర్టుల సందుల్లోంచి ఏదో కాస్త బయటపడుతుంది. పడగ్గదిలో సిగ్నల్ రాకపోతే గోడ దోషం, పక్కింటి రౌటర్ దోషం, కుదిరితే వాస్తు దోషం. డబ్బాని ఎవరూ పల్లెత్తు మాట అనరు.

చివరికి వైఫై కోసం విడిగా యాక్సెస్ పాయింట్ కొంటాడు. బోర్డుకి ఈథర్నెట్ పోర్టు ఒక్కటే కాబట్టి యూఎస్‌బీకి ఓ డాంగిల్ కూడా వేలాడుతుంది, డబ్బా బయట.

ఇదే పని పద్ధతిగా చేసినవాళ్లు స్విట్జర్లాండ్‌లో పీసీ ఇంజిన్స్ అనే కంపెనీవాళ్లు. వాళ్ల ఏపీయూ2 బోర్డుకి 3 నెట్‌వర్క్ పోర్టులు, డబ్బాయే హీట్‌సింక్, యాంటెన్నాలకి వెనకాల కన్నాలు. వాళ్లూ 2023లో ఆ బోర్డులకి ఇక సెలవన్నారు. ఆ రకం పెట్టెల్లో యాంటెన్నా తీగ కొసనుండే యూ.ఎఫ్.ఎల్. కనెక్టర్ ఓ 30 సార్లు తీసిపెట్టడానికే తయారైంది. మనవాడి చేతిలో పడితే దాని ఆయుష్షు ఒక్క ఆదివారం.

అన్నట్టు ఈ కోటంతా కట్టేది ఫైబర్ కంపెనీ పెట్టె వెనకాలే. అది అప్పటికే రౌటర్.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఇది కట్టినవాడు బెంగళూరులో ఉద్యోగమొచ్చి వెళ్లిపోతాడు. ఇంట్లో మిగిలేది అమ్మా నాన్నా. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి డబ్బాలోని మెమరీ కార్డు దెబ్బతింటుంది. కేబుల్ అబ్బాయి వచ్చి, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మాది కాదండీ" అని వెళ్లిపోతాడు. కొడుక్కి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నాడు. "కార్డు తీసి మళ్లీ పెట్టమ్మా" అంటాడు. కార్డు తీయాలంటే డబ్బా విప్పాలి. ఆ స్క్రూలకి పట్టే స్క్రూడ్రైవర్ వాడి బ్యాగులో బెంగళూరు వెళ్లింది.

ఇదా భద్రత? కంపెనీ రౌటర్లకి అప్‌డేట్లు రావని ఉపన్యాసాలిచ్చావే, నువ్వు బిగించినదానికి ఆ రోజు తర్వాత ఒక్క అప్‌డేట్ వేశావా? నీకు తప్ప ఎవరికీ అర్థంకాని వస్తువుని, నువ్వు ఉండని ఇంట్లో గోడకి కొట్టి వెళ్లడానికి సిగ్గుండాలి. ఈ పండక్కి వచ్చినప్పుడు కంపెనీ పెట్టెలోనే వైఫై మళ్లీ ఆన్ చేసి, దాని పాస్‌వర్డ్ మార్చి, అమ్మకి చీటీ మీద రాసిచ్చి వెళ్లు. ఆ అల్యూమినియం డబ్బాని నీ హాస్టల్‌కి పట్టుకుపో.