గోడప్రశ్న – టీకాతాత్పర్య సహితం

అవతారిక

మా మేనల్లుడు మూడేళ్లుగా బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. వాడి రీజనింగ్ గైడులో ఒక ప్రశ్నకి కీ ఇచ్చిన జవాబు వాడికి మింగుడుపడలేదు. పుస్తకం నా మీద పడేశాడు. నాకూ పడలేదు. ఇలాంటప్పుడు తెలుగువాడు టీక రాస్తాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం చేసిన మల్లినాథ సూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడే కదా. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాటిచ్చి మొదలుపెట్టాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

మూలం

ప్రకటన: ఒక గోడ మీద "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అని రాసి ఉంది.
ఊహలు: 1. రాయకపోతే అక్కడ కొందరు ఆ పని చేస్తారు. 2. రాసింది చూసి జనం మానుకుంటారు.
అంతర్లీనంగా ఉన్నది ఏది? (ఎ) 1 మాత్రమే (బి) 2 మాత్రమే (సి) 1 గాని 2 గాని (డి) రెండూ కావు (ఇ) రెండూ.
కీ: ఇ.

ప్రతిపదార్థం

ఇచ్చట = ఈ చోట. ఈ మాట మన నోళ్లలోంచి వెళ్లిపోయి చాలాకాలమైంది. జిరాక్సు షాపుల బోర్డులు, ఇలాంటి గోడలు దాన్ని బతికిస్తున్నాయి. వ్యావహారిక భాషోద్యమం గోడ దాకా వచ్చి ఆగిపోయింది.

మూత్ర విసర్జన = దీనికి తెలుగు మాట అందరికీ తెలుసు. గోడకే మొహమాటం.

చేయరాదు = చేయకూడదు. ఎవరు? వాక్యంలో కర్త లేడు. "జనులు" అని మనమే తెచ్చి పెట్టుకోవాలి. వ్యాఖ్యాతలు దీన్ని అధ్యాహారం అంటారు. అంటే ఊహల గురించి అడిగే ప్రశ్న, చదువుతుండగానే మన చేత ఒక ఊహ చేయించింది. గైడు దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఊహ = దీనికి కొన్ని పుస్తకాల్లో "అనుమానం" అని పాఠాంతరం. గ్రాహ్యం కాదు. తర్కశాస్త్రంలో అనుమానమంటే పొగ చూసి కొండ మీద నిప్పుందని తేల్చుకోవడం. మా అపార్ట్‌మెంట్‌లో అనుమానమంటే చెప్పులు కనిపించకపోతే పక్కింటి గుమ్మం వైపు చూడడం. ఇక్కడ అడిగింది ఆ రెండూ కాదు.

విశేషం

అడిగింది అర్థాపత్తి. మీమాంసకులు చెప్పే దేవదత్తుడు లావుగా ఉంటాడు, పగలు తినడు. రెండూ నిజమైతే రాత్రి తింటూ ఉండాలి. ఆ రాత్రి భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు, కానీ అది లేకపోతే చెప్పిన మాట నిలవదు. నైయాయికులు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోక అనుమానంలోనే కలిపేశారు. ఆ తగాదా మనకొద్దు. మనకి కావలసిన కిటుకు ఇంతే: ఊహని తిరగేసి చూడు. ప్రకటన కూలిపోతే అది అంతర్లీనం, నిలబడితే కాదు.

మొదటి ఊహ తిరగేద్దాం. రాయకపోయినా అక్కడ ఎవరూ పోయరు. అలాంటప్పుడు రంగు డబ్బా, కుంచె, నిచ్చెన ఎందుకు? కూలింది. మొదటిది ఖాయం.

రెండోది తిరగేద్దాం. రాసినా జనం మానుకోరు. గోడ మీద అక్షరాలకి ఏమైనా అయిందా? ఏమీ కాలేదు. మా వీధిలో రోజూ చూస్తున్నాం.

పూర్వపక్షం

మానుకుంటారన్న నమ్మకం లేకపోతే అసలు ఎందుకు రాస్తాడు? కీ రాసినాయన పట్టు ఇది. గైడుల సంప్రదాయంలో ఇది సూత్రమే: హెచ్చరికైనా విజ్ఞప్తైనా యాడ్ అయినా, పెట్టినవాడు అది పనిచేస్తుందని నమ్మినట్టే.

ఉత్తరపక్షం

ఆశ వేరు, నమ్మకం వేరు. రాయడానికి "ఒకరిద్దరైనా మానుకోవచ్చు" అన్నది చాలు. "జనం మానుకుంటారు" అన్నది అంతకన్నా చాలా బరువైన మాట. మావాడు మూడేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నాడు. ఉద్యోగం వస్తుందని పెడుతున్నాడా, రావచ్చని పెడుతున్నాడా?

ప్రత్యక్ష ప్రమాణం మా వీధి చివరే ఉంది. అక్కడి గోడ మీద మొదట నీలం రంగులో మూలంలోని వాక్యమే ఉండేది. కొన్నాళ్లకు దాని కింద "గాడిదలకు మినహాయింపు" అని చేరింది. ఆ తర్వాత ఎర్ర రంగులో "జరిమానా 500" అని వచ్చింది. పోయిన దసరాకి ఇంటాయన మేస్త్రీని పిలిపించి, మోకాలెత్తున వరసగా దేవుళ్ల టైల్స్ అతికించాడు: వెంకన్న, ఏసుప్రభువు, మక్కా, మళ్లీ వెంకన్న. ఇప్పుడు తడి మరక టైల్స్ ఎక్కడ అయిపోయాయో సరిగ్గా అక్కడినుంచి మొదలవుతుంది. రాస్తే మానుకుంటారని నమ్మినవాడెవడైనా అంత సిమెంటు ఖర్చుపెడతాడా? రెండో ఊహని రాసినవాడే నమ్మడం లేదు.

ఇంకొకటి. చదివేవాళ్లకి తెలుగు వచ్చు అన్న ఊహ నిజంగా అంతర్లీనమే. తిరగేసి చూడండి, గోడ మొత్తం కూలుతుంది. అది జాబితాలో లేదు.

తాత్పర్యం

"మీకు బయట తెలిసిన సంగతులు వాడకండి" అని ఈ ప్రశ్నల పైన సూచన ఉంటుంది. అంటే పరీక్ష రాసేవాడు మల్లినాథుడిలా ఉండాలి, మూలంలో లేనిది తేకూడదు. కీ రాసినాయన మాత్రం గోడ రాసినవాడి మనసులోకి దూరి ఒక నమ్మకం పట్టుకొచ్చాడు. ఇన్నాళ్లు చదివితే మావాడికి తర్కం రాలేదు, ఆయన మనసు బాగా అర్థమైంది.

మార్కుల లెక్క మాత్రం ముచ్చటైనది. అయిదు ఆప్షన్లు, తప్పుకి పావు మార్కు కోత. గుడ్డిగా పెట్టుకుంటూ పోతే అయిదింట ఒకటి తగిలి మార్కొస్తుంది, నాలుగు తప్పులకి మార్కు పోతుంది, చివరికి సున్నా. రైల్వేలో నాలుగు ఆప్షన్లు, మూడోవంతు కోత, అక్కడా సున్నాయే. ఏమీ తెలియనివాడికి సున్నా, దేవదత్తుణ్ణి నమ్ముకుని (ఎ) పెట్టినవాడికి మైనస్ పావు.

ఇదంతా మావాడికి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు, బుర్ర ఊపాడు, (ఇ)కి టిక్కు పెట్టి పేజీ తిప్పాడు. తర్వాతి ప్రశ్నలో గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది, కేంద్రం వైపు తిరిగి కూర్చున్నారు. వీళ్లు ఎందుకు కూర్చున్నార్రా, పెళ్లిచూపులా పంచాయితీనా అని అడిగాను.

"మామయ్యా, ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలకి అరవై నిమిషాలు" అన్నాడు తలెత్తకుండా. "ఒక్కోదానికి 36 సెకన్లు. వాళ్లని కూర్చోనియ్యి."