ఎర్ర రేణువు జమాఖర్చు

చారెడు గోదారి ఇసుక అరచేతిలో పోసుకుని ఎండకు పట్టండి. తెల్లగా మెరిసేది క్వార్ట్జ్. దాని మధ్య కుంకుమ నలుసులా కనబడేవాణ్ణి నేను, గార్నెట్‌ని. నవరత్నాల్లోని గోమేదికం మా దాయాదే. అది ఉంగరాలెక్కింది. నేను ఇసుక లారీ ఎక్కబోయి తప్పించుకున్నాను.

ఇలా ఎర్రబడకముందు నేను బురదని. ఏదో పాత సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రు భూమి లోతుల్లోకి కూరుకుపోయి, ఇంచుమించు వంద కోట్ల ఏళ్ల కిందట అక్కడి వేడికీ ఒత్తిడికీ ఉడికి, ఖోండలైట్ అనే రాయి అయింది. బురదలో ఉన్న ఇనుమూ అల్యూమినియమూ సిలికా కలిసి నేనయ్యాను. పిండి పాతదే, వంటకం మారిందంతే. తూర్పు కనుమల్లో శబరి వైపు కొండ మా ఇల్లు.

కొండ అరిగిపోయింది అంటారు చూశారూ, ఆ 'పోయింది' అన్న మాట నాకు గిట్టదు. నా పక్కనుండే ఫెల్‌స్పార్ సంగతే వినండి. వానచుక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కాస్త పుల్లబడి దిగుతుంది. ఫెల్‌స్పార్‌కి అది పడదు. ఏళ్ల తరబడి తడిసి తడిసి, ఒంట్లోని సోడియం, పొటాషియం నీళ్లలో వదిలేసి, మిగిలింది బంకమన్నయింది. కరిగింది సముద్రపు ఉప్పులో చేరింది, బంకమన్ను ఎర్రనీరై లంకల మీద పరుచుకుంది, గట్టివాళ్లం ఇసుకయ్యాం. అన్నిటినీ పోగేసి కాటా వేస్తే అసలు రాయికన్నా కొంచెం ఎక్కువే తూగుతాయి. ఎందుకంటే నీరూ, ఆ వాయువూ కూడా వచ్చి అందులో చేరాయి మరి.

పట్టు జారిన నన్ను శబరి కూనవరం దగ్గర గోదారికి అప్పజెప్పింది. నీటికి నాలుగు రెట్లు పైనే నా బరువు, క్వార్ట్జ్ రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. అందుకని అది మామూలు ప్రవాహంలోనే దొర్లుకుంటూ పోతుంది, నేను పెద్ద వరద వస్తేగాని కదలను. పాపికొండలు దాటాక ధవళేశ్వరం ఎగువన ఎన్నేళ్లు పడి ఉన్నానో! 1852కి కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట చోటే ఆ తర్వాత బ్యారేజీ వచ్చింది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిపడితే నేనూ దాటాను. ఆ ఏడు లంక ఊళ్లు పోగొట్టుకున్నవి తలచుకుంటే, నా ప్రయాణం గొప్పగా చెప్పుకోబుద్ధి కాదు.

అందరికీ దాటే యోగం లేదు. పైన జాయక్‌వాడీ మొదలు శ్రీరామసాగర్ దాకా జలాశయాల అడుగున ఒండ్రు ఆగిపోతోంది. అక్కడ దాన్ని పూడిక అని రాసుకుంటారు. డెల్టా ఖాతాలో అదే బాకీ. ర్యాంపుల్లో లారీలెక్కిన మావాళ్లు ఊళ్లలో గోడలై నిలబడ్డారు, వాళ్ల బరువూ ఎక్కడికీ పోలేదు.

గౌతమి మొగ దాటాక నైరుతి గాలి రేపిన కెరటాలు నన్ను తీరం వెంట ఉత్తరానికి ఈడ్చాయి. ఇప్పుడు హోప్ ఐలాండ్‌లో ఉన్నాను. రెండు వందల ఏళ్లలో గోదారి ఇసుకే పోగుపడి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున కట్టుకున్న తిన్నె ఇది. దీని చాటునే కాకినాడ రేవు నెమ్మదిగా ఉంది. ఇంకాస్త ఉత్తరాన ఉప్పాడలో మాత్రం ఇళ్లూ రోడ్డూ కడలిపాలవుతున్నాయి. కారణం ఒకటే అనను. కానీ పోయేది పోతూ, రావలసిన ఇసుక రాకుంటే ఏ ఒడ్డు నిలుస్తుంది?

ఇక్కడ తేలిక రేణువుల్ని కెరటం వెనక్కి లాక్కుపోతే, నల్లటి ఇల్మనైట్‌తో కలిసి నేను చారలా గట్టున మిగిలాను. మొన్న మాఘమాసపు రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలొకటి వచ్చి గుంట తవ్వి, గుడ్లు పెట్టి, రెక్కలతో ఇసుక ఎగజిమ్మింది. ఆ జిమ్ముడికి నేనెగిరి గుడ్ల మీద పడ్డాను. పిల్లలు పైకి పాకేటప్పుడు ఏదో ఒకదాని వీపున అంటుకుని నీళ్లదాకా వెళ్లాలని చూస్తున్నాను. దానికింకా యాభై రోజులుంది.