లాంగ్ బెల్ విప్లవం

పొద్దున్న తొమ్మిదిన్నరకి గేటు దగ్గరికి పదిమంది వస్తారు. చేతిలో ఉన్నది ఎర్రజెండానో కాషాయజెండానో పైఅంతస్తు కిటికీలోంచి సరిగ్గా కనబడదు, కనబడక్కర్లేదు కూడా. బయట రెండు నినాదాలు, లోపల ప్రిన్సిపాల్ గదిలో రెండు టీలు, ఆపైన లాంగ్ బెల్. ఏ సిద్ధాంతం గెలిచిందని పిల్లలెవరూ అడగరు, మార్నింగ్ షో అందుతుందా అని చూసుకుంటారు. ఇప్పుడు ఆ శ్రమ కూడా తప్పింది. ముందురోజు రాత్రే యాజమాన్యం వాట్సాప్‌లో పెట్టేస్తోంది: "విద్యార్థి సంఘాల పిలుపు మేరకు రేపు సెలవు."

ఎందుకయ్యా బంద్ అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు. ఒకసారి వామపక్ష సంఘాలు, ఇంకోసారి ఏబీవీపీ. డిమాండ్ ఒకటే అయినా కలిసి చెయ్యరు, చేస్తే ఒక సెలవు దండగ కదా! ఇంతకీ ఆ బకాయి పడేది ఎవరి ఖాతాలో? చాలాచోట్ల కాలేజీ ఓనరు ఖాతాలో. బకాయి రాలేదని సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసి, పిల్లల ఉద్యోగాలకు ఎసరు పెట్టేదీ ఆయనే. దిష్టిబొమ్మ మాత్రం మంత్రిగారిది. గడ్డికి పాత చొక్కా తొడిగి ఓనరుగారి పేరు రాయడం నేనైతే చూళ్ళేదు. రాస్తే ఇటు గణేశ్ చందా, అటు మహాసభల చందా ఆగిపోవూ!

1972లో ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి ప్రాణమే పోయింది. ఇప్పుడు పోయేది ఫస్టవర్.

సిద్ధాంత సమరం బొత్తిగా లేదనకండి. 2023 జనవరి 26న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వామపక్ష ఎస్‌ఎఫ్‌ఐ వాళ్ళు మోదీ మీద బీబీసీ డాక్యుమెంటరీ వేస్తే, పోటీగా ఏబీవీపీ 'ది కశ్మీర్ ఫైల్స్' వేసింది. ఎవరి బొమ్మకి వాళ్ళ అభిమానులే. మన తెలుగువాళ్ళకి ఇది కొత్తేం కాదు, సంక్రాంతికి ఏటా చూసేదే.

అక్కడ విద్యార్థి సంఘం ఎన్నికలైనా ఉన్నాయి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో 1980ల చివర్లోనే మూతపడ్డాయి. అభ్యర్థి ఖర్చు 5000 రూపాయలు దాటకూడదని 2006లో లింగ్డో కమిటీ చెప్పింది. మనవాళ్ళు అక్షరాలా పాటిస్తున్నారు, ఎన్నికలే లేవుగా! నాయకులకు మాత్రం కరువు లేదు. అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ ఒక్కటే ఆ లెక్కను మింగేస్తుంది. అన్న పీహెచ్‌డీ ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటుంది, ఎమ్మెల్యే టికెట్ వస్తే గానీ థీసిస్ పూర్తవదు.

ఆ టికెట్ల రుతువులో వెళ్ళి చూడండి. క్యాంపస్‌లో కాలర్లు పట్టుకున్న ఇద్దరూ ఒకే పార్టీ ఆఫీసు మెట్ల మీద, బయోడేటాలు పట్టుకుని పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఏ పార్టీ అని అడక్కండి. ఫలితాలొచ్చాక చెప్తారు.