నైరుతి పెరిగింది

పత్తి పోసిన గదిలో పైనుంచి చుక్క పడుతోందని తెలిసిన పొద్దున మా పెదనాన్న ముందుగా ఫోను చేసింది వాస్తు సిద్ధాంతిగారికి. ప్లంబరు గుర్తుకొచ్చింది తొమ్మిదో రోజున. ఈలోగా చుక్క తన పని తాను చేసుకుపోయింది. సెకనుకు ఒకటి చొప్పున పడితే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు వేసుకున్నా రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. ఎనిమిది రోజులకు రెండు పెద్ద బిందెల నీళ్లు పత్తిలోకి దిగాయి. పత్తి నీళ్లను పీల్చుకున్నంత ఇష్టంగా మా ఇంట్లో ఎవరూ మంచినీళ్లు తాగరు.

మా ఊరు చిలకలూరిపేట దగ్గర. 2022లో జిల్లాలు చీల్చి మమ్మల్ని పల్నాడులో కలిపారు గానీ, ఎవరైనా అడిగితే ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే చెప్తాం. పత్తి, మిరప, అప్పు, వాస్తు ఈ నేల మీద దండిగా పండుతాయి. మొదటి రెండింటికీ తెగుళ్లున్నాయి. చివరిదానికి ఇంతవరకు ఏ పురుగూ పట్టలేదు.

సిద్ధాంతిగారు కారులో వచ్చారు. డాబా ఎక్కి ఫోనులో దిక్సూచి తెరిచారు. స్లాబు నిండా ఇనప చువ్వలు, పక్కన నీళ్ల మోటారు. ముల్లు మా ఊరి యువకుడిలా ఏ దిక్కుకు పోవాలో తేలక అటూ ఇటూ ఊగింది. ఆయన మాత్రం తేల్చేశారు. కింద గదిలో పడుతున్న చుక్క వంక కన్నెత్తి చూడలేదు. కన్నెత్తితే కంట్లో పడుతుందని కాబోలు.

"ట్యాంకు నైరుతి మూల నుంచి అడుగున్నర తూర్పుకు జరిగిందండీ. మూల తేలికైపోయింది. అందుకే కారుతోంది. నీళ్లు కారడమంటే లక్ష్మి కారడమే."

"ఏం చెయ్యమంటారు సిద్ధాంతిగారూ?"

"జరపాలి. వచ్చే గురువారం దివ్యంగా ఉంది."

గురువారానికి ఎనిమిది రోజులుంది. చుక్కకు వర్జ్యం, రాహుకాలం లేవు గనక అది ఆగలేదు.

వాస్తు తెలిసినవాళ్లు నన్ను మన్నించాలి, నాకొక సందేహం. సంపు, బోరు ఈశాన్యంలో ఉండాలంటారు. అది జలస్థానం. అవే నీళ్లను ఒక హెచ్‌పీ మోటారు పైకి తోడితే నైరుతిలో ఉండాలంటారు. అప్పుడవి జలం కావు, బరువు. అంటే మెట్ల పక్కన పాకిన పీవీసీ పైపులో, సుమారు మొదటి అంతస్తు దగ్గర, గంగమ్మ తన తత్వం మార్చుకుంటుందన్నమాట. అక్కడ పైపు పగిలితే కారేది జలమా, బరువా?

పైగా ఈ శాస్త్రం వేల ఏళ్లనాటిదంటారు. మా తాతల ఇంట్లో డాబా మీద నీళ్లన్నవే లేవు. పెరట్లో బావి, బావి పక్కన గాబు, వంటింటి గుమ్మం దగ్గర గోలెం. గాబు కారితే పక్కనున్న అరటిచెట్టు బాగుపడేది. పైకప్పు మీద నీరు నిలవకుండా చూడటమే ఆనాటి మేస్త్రి విద్య అంతా. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి రోజుల తరబడి గచ్చు కొట్టేవాళ్లు. వాన వెలిసిన గంటకు డాబా పొడిగా ఉండాలి. అలాంటి నెత్తి మీదికి టన్ను నీళ్లు ఎక్కించి ఏడాది పొడవునా నిలవ ఉంచడం మన కాలపు తెలివి. గుజరాత్‌లోని కలోల్‌లో 1970ల్లో ప్లాస్టిక్ ట్యాంకుల తయారీ మొదలైంది. ఆ కంపెనీ పేరు ఎంత వాడుకైందంటే ఏ ట్యాంకునైనా మనం సింటెక్స్ అనే అంటాం. మరి ఆ నల్ల పీపాను ఏ మూల పెట్టాలో చెప్పిన ఋషి ఎవరో, ఏ ఏజెన్సీలో కొన్నాడో నాకు తెలియదు.

టన్ను అని ఊరికే అనలేదు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే వెయ్యి కిలోలు. గుంటూరు యార్డు లెక్కలో నలభై కిలోల మిర్చి టిక్కీలు పాతిక. పాతిక టిక్కీలను మెట్ల గది మీద, నాలుగున్నర అంగుళాల గోడల మీద పేరుస్తానంటే మా పెదనాన్న కర్ర తీసుకుంటాడు. నీళ్లయితే పేర్చాడు. ఎందుకంటే ఆ గది నైరుతిలో ఉంది. ఒక మాట ఒప్పుకోవాలి: నైరుతిలో పెడితే తప్పేమీ లేదు. ఏ మూలైనా ఫర్వాలేదు, కింద పిల్లరూ బీమూ ఉంటే. సిద్ధాంతిగారు మూల చూశారు, మూల కింద ఏముందో చూడలేదు.

ట్యాంకు ఎందుకు కారుతుందో మా ఊరి ప్లంబరును అడిగితే బీడీ ముట్టించేలోపు చెప్తాడు. పైపు ట్యాంకులోంచి బయటికి వచ్చేచోట రబ్బరు వాషరు ఎండకు పెళుసుబారుతుంది. ట్యాంకు అడుగంతా చదునుగా ఆనకుండా రెండు వరసల ఇటుకల మీద నిలబెడితే, నిండినప్పుడల్లా అడుగు కుంగి, ఖాళీ అయినప్పుడల్లా లేచి, కొన్నేళ్లకు చీలుతుంది. నీళ్లు వచ్చే పైపు ఇంచి, పొర్లి పోయే పైపు అరంగుళం పెడితే మిగతా అరంగుళం నీళ్లు మూత కింద నుంచి డాబా మీదికి దిగుతాయి. ఫ్లోటు వాల్వు పెట్టిస్తే ట్యాంకు నిండగానే కుళాయి నీళ్లు వాటంతటవే ఆగుతాయి. అసలు కారుతోందో లేదో తెలియాలంటే రాత్రి కుళాయిలన్నీ కట్టేసి లోపల నీటి అంచు దగ్గర గుర్తు పెట్టుకుని, పొద్దున్నే ఎవరూ ముఖం కడగకముందే చూడాలి. నీరు దిగితే ట్యాంకో, పైపో. దిగకపోతే తప్పు స్లాబుది, వానది. ఈ పరీక్షకు కావలసింది ఒక సుద్దముక్క. దక్షిణ అక్కర్లేదు, అందుకే దీని మీద ఎవరికీ గురి కుదరదు.

ఇంకో చిక్కుంది. చుక్క పడేచోటే కన్నం ఉండదు. స్లాబులోకి దిగిన నీరు చువ్వల వెంట, కరెంటు వైర్ల కోసం వేసిన గొట్టాల వెంట నడిచి, తనకు వీలైనచోట కిందికి దిగుతుంది. వంటింట్లో ఫ్యాను కొక్కెం నుంచి కారే నీళ్లకు తల్లి పడకగది మీద ఉండొచ్చు. దారిలో చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనక కాంక్రీటును లోపలినుంచి తోసి పెచ్చులూడగొడుతుంది. ఒంగోలు వైపు ఉప్పు బోరు నీళ్లు తోడుకునేచోట ఈ పని ఇంకా చురుగ్గా జరుగుతుంది. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఊళ్లలో ఒక ట్యాంకు చాలక రెండోది, రెండు చాలక మూడోది ఎక్కిస్తారు. మూడూ నైరుతిలోనే. మూల బరువు పెరిగిందని ఇంటాయన సంతోషం. ఆ మూల కింద పడుకునేది కోడలు.

ఇళ్ల సంగతి ఎందుకు, రాజధాని సంగతే చూడండి. అమరావతిని వాస్తు ప్రకారం కడుతున్నామని అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నోటే చాలాసార్లు విన్నాం. 2017 జూన్‌లో ఒక వాన పడింది. గుంటూరు జిల్లా వెలగపూడిలో కొత్తగా కట్టిన శాసనసభ భవనంలో, ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్‌రెడ్డి చాంబరులోకి నీళ్లు వచ్చాయి. పైపు ఎవరో కోశారని స్పీకర్ కోడెల శివప్రసాదరావు చెప్పారు. సీఐడీ విచారణకు ఆదేశించారు. పైపు ఎవరు కోశారన్న రాజకీయంలోకి నేను వెళ్లను. ఆ ఉదంతంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అక్కడ కనీసం పైపును అనుమానించారు. మా పెదనాన్న ఇంట్లో సీఐడీ దిగినా పైపు దాకా వచ్చేది కాదు, ముందు ఆగ్నేయంలో గేటు ఎందుకుందని అడిగి ఉండేది.

డాబాల మీదివాటికన్నా పెద్ద ట్యాంకులు కూడా ఉన్నాయి మనకు. పులిచింతలలో 2021 ఆగస్టు 5న పదహారో గేటు కొట్టుకుపోయింది. 45 టీఎంసీలు పట్టే జలాశయాన్ని దాదాపు ఖాళీ చేసుకుంటే తప్ప ఆ కంతకు అడ్డం పెట్టలేకపోయారు. ప్రకాశం జిల్లాలో మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ ప్రాజెక్టు చిన్నది, నాలుగు టీఎంసీల లోపు. అక్కడ 2022 ఆగస్టు నెలాఖరున ఒక గేటు పోయింది. 2023 డిసెంబరులో, బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుఫాను వానల తర్వాత, ఇంకొకటి పోయింది. గ్రీజు, తుప్పు, మరమ్మతు నిధులు అంటూ అప్పుడు చాలామంది చాలా మాట్లాడారు. డ్యాము ఏ దిక్కు చూస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. టీఎంసీల లెక్కలో పోయినప్పుడు మనకు ఇంజనీరు గుర్తొస్తాడు. లీటర్ల లెక్కలో పోయినప్పుడు సిద్ధాంతి. ఎన్ని లీటర్ల దగ్గర మన బుద్ధి మారుతుందో ఎవరైనా కొలిస్తే బాగుండు.

ఇక అసలు ముచ్చట, నేల. మాది నల్లరేగడి. పత్తికి తల్లి, గోడకు సవతి తల్లి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మే నెలలో మా చేలో పడ్డ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. అందుకే ఈ నేల మీద కట్టేవాళ్లు పునాదిలో రేగడి తీసి గ్రావెల్ పోస్తారు. డబ్బున్నవాళ్లు కిందికొస గిన్నెలా ఉబ్బిన పైల్స్ వేయిస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఆ విద్యను మన దేశపు నల్ల నేలల కోసం తీర్చిదిద్దింది. ఇంత చేసినా ఆ నేలకు ఒక్క కోరిక ఉంటుంది: తడిస్తే ఇంటి చుట్టూ ఒకేలా తడవాలి, ఎండితే ఒకేలా ఎండాలి. ఒక మూలే తడిస్తే ఆ మూలే లేస్తుంది.

మా పెదనాన్న ట్యాంకు పొర్లి పోయే గొట్టం మూర పొడుగుంటుంది. దాని నీళ్లు గోడ వెంట జారి తిన్నగా నైరుతి పునాదిలోకి దిగుతాయి. ఏడేళ్లుగా రోజుకోసారి. నైరుతి పెరగకూడదు, పెరిగితే ఇంటి యజమానికి కీడు అని తొలినాడే సూత్రం చెప్పింది సిద్ధాంతిగారే. ఆయన కొలతలు తీసిన నైరుతి ఇప్పుడు నిజంగానే పెరిగింది, పక్కకు కాదు, పైకి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా వేలు దూరేంత చీలిక. దాన్ని చూసి సిద్ధాంతిగారు తలపంకించి, "చెప్పానా నైరుతి దోషమని" అన్నారు. చీలికలో ఒక రాగి రేకు పెట్టించారు. రేకు వెల చెప్పను, మా పెద్దమ్మ ఇంకా కోపంగా ఉంది.

గురువారం వచ్చింది. ప్లంబరు కుర్రాడు పైపులు విప్పి, వాషరు చేత్తో పట్టుకుని మెట్ల మీదినుంచే కేక వేశాడు.

"పెద్దాయనా, ఇదిగో చూడు, వాషరు పొడైపోయింది. ఇదీ నీ జబ్బు. బజారుకు పోయి కొత్తది తెస్తా, అరగంట."

"ముందు జరుపురా అబ్బాయ్, పదకొండూ పద్నాలుగు దాటితే ముహూర్తం పోద్ది."

జరిపారు. వాషరు పాతదే పెట్టి బిగించారు. పాత దిమ్మె పగలగొట్టినచోట గుంట గుంటలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం డాబా మీద ఆరబోసిన మిరపకాయల కిందికి ఎక్కడినుంచో నీళ్లు పాకాయి. రెండు రోజుల్లో కాయ రంగు పోయి తాలు తేలింది. మేలుకాయ ధరలో సగం కూడా పలకలేదు.

పత్తిని సీసీఐ కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడా ఒక పరికరం ఉంది, కాకపోతే దానికి దిక్కులు తెలియవు, తేమ తెలుస్తుంది. ఎనిమిది శాతం దాకా పూర్తి మద్దతు ధర. ఆపైన శాతానికింత కోత, పన్నెండు దాటితే వెనక్కి. మా బోరాల్లోకి గుచ్చితే పన్నెండు దగ్గర అది ఆగలేదు. లోడు వెనక్కి తిప్పి, దారిలోనే ఒక దళారికి అతను చెప్పిన ధరకే ఇచ్చేశాం.

ఇంటికొస్తూ ట్రాక్టరు మీద పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. యడవల్లి దాటాక అన్నాడు: "చూశావా అబ్బాయ్, లక్ష్మి కారిపోద్దని ఆయన ముందే చెప్పాడు. ఒక్క మాట పొల్లు పోలా."

ఇప్పుడు ఆ గదిలో చుక్క చోటు మారింది. నైరుతి వైపు పడటం మానేసి ఎదురు మూలన పడుతోంది. కింద మా పెద్దమ్మ ఇత్తడి బిందె పెట్టింది. నిండినప్పుడల్లా తీసుకెళ్లి తులసికి పోస్తోంది. మొన్న వెళ్లినప్పుడు, వాషరు తెచ్చాను పెద్దమ్మా, మార్పిస్తాను అన్నాను.

"ఊరుకోరా," అంది, "ఈశాన్యంలో నీళ్లుండటం మంచిదంట."