మైకు అందుకున్నాక ఆమెన్‌కు తొందరేముంది

కొత్తగా సంఘం చేపట్టిన తమ్ముళ్లకూ, ఏళ్ల తరబడి ముందు వరుస చాప వదలని సంఘపెద్దలకూ ఈ నాలుగు మాటలు. కోట బజారు నుంచి సముద్రం ఒడ్డు పల్లెల దాకా ఇంటింటి కూడికలు చూసీ చూసీ పోగేసినవి. బైబిలు కాలేజీలో ఇవి చెప్పరు.

ప్రార్థన మొదలుపెట్టేటప్పుడు కళ్లు మూసుకోవాలి. అయితే ఎదురుగా ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి చూసుకున్నాకే మూసుకోవాలి. మనం చేసేది వాళ్లకోసమే గదా. దేవుడి వంతు పని ఏమిటంటే, మధ్యలో సాక్షిగా ఉండటం.

ముందుగా ఆయనకు వార్తలు చెప్పండి. పైన ఉన్నాడన్న మాటేగాని పేపరు వేయించుకుంటాడని నమ్మకం లేదు. 2022 ఏప్రిల్‌లో కోట మండలాన్ని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. ఇలాంటివి ఆదివారం ప్రార్థనలోనే విన్నవించుకోవాలి. లేకుంటే మనకు రావలసిన దీవెన పాత అడ్రసుకు పోయి తిరుగుటపాలో వచ్చే ప్రమాదం ఉంది. రొయ్యల రేటు, కరెంటు కోత, ఎమ్మార్వో ఆఫీసులో ఆగిపోయిన పట్టా, అన్నీ వరసగా చెప్పండి. ఆయన వింటాడు, ఆయనకు వేరే పనేముంది.

తర్వాత లెక్కలు తేల్చుకోవాలి. ఇది ప్రార్థనలోనే కుదురుతుంది. ప్రసంగంలో ఎవరినైనా ఒక మాటంటే సాయంత్రానికి ఇంటికొచ్చి అడుగుతారు. అదే మాట ప్రార్థనలో అంటే ఆమెన్ అంటారు. "ప్రభువా, కొత్త బండి కొనుక్కొని కూడికకు మాత్రం అరగంట ఆలస్యంగా వచ్చే బిడ్డల హృదయాన్ని కదిలించు" అన్నారనుకోండి. బండి కొన్నవాడు కళ్లు మూసుకొని ఉంటాడు, మిగతావాళ్లంతా ఒక కన్ను తెరిచి వాడినే చూస్తుంటారు. ఎదురు చెప్పే వీలు వాడికి లేదు. చెబితే దేవుడితో వాదానికి దిగినట్టవుతుంది.

శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన అంశాలు అడగడం మాత్రం మరవద్దు. అంత పుష్టి అన్నంలో కూడా ఉండదు. నేను చూసిన ఒక కూడికలో ఇలా నడిచింది.

"అయ్యగారూ, పేరు చెప్పను. రొయ్యల గుంటల కాడ కొత్తగా మిద్దె ఏసినారే, వాళ్ల పెద్దబ్బాయి. మద్రాసులో ఉద్యోగం పొయ్యిందంట. ఇంటికొచ్చి కూర్చోనుండాడు. మనసుకు బాధేసింది, ప్రార్థన చెయ్యండి."

గోడకు ఆనుకున్న ఇంకో చెల్లెమ్మ అందుకుంది. "పొయ్యిందా, తీసేసినారా అక్కా? తెలిస్తే దాన్నిబట్టి ప్రార్థన చెయ్యొచ్చు."

పేరు చెప్పకపోవడమే ఇందులో సంస్కారం. టీ గ్లాసులు వచ్చేసరికి ఆ అబ్బాయి జీతం ఎంత, అప్పెంత, నిశ్చయమైన సంబంధం ఎందుకు ఆగింది అన్నీ అంశాలై కూర్చున్నాయి. అతని ఇంటికి వెళ్లి పలకరించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాకూడదు కూడా. వెళ్తే అంశం ఒకటి తగ్గిపోతుంది.

నిడివి విషయంలో లూకా 18లోని పరిసయ్యుణ్ణి గురువుగా పెట్టుకోండి. తాను చేసే ఉపవాసాలు, ఇచ్చే దశమభాగం, పక్కన నిలబడ్డ సుంకరి పాపాలు అన్నీ దేవుడికి లెక్క అప్పజెప్పాడు. పాపం, ఆయనకు మైకు లేదు, అంతే లోపం. ప్రభువు నేర్పిన ప్రార్థన ఉంది గాని అది అర నిమిషంలో అయిపోతుంది. అర నిమిషానికి సౌండు సెట్టు అద్దె ఇచ్చుకుంటామా? 1941లో భక్త్ సింగ్ పల్లవరం కొండ మీద రాత్రంతా ప్రార్థించి, ఆ తర్వాతే మద్రాసులో సంఘం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర రాత్రిని మాత్రం తీసుకోండి. కొండను వదిలేసి, నాలుగు బాక్సులు వీధి మొగదలలో పెట్టండి. రాత్రి 10 దాటితే మైకు ఆపాలన్నది అన్ని మతాలకూ ఉన్న నిబంధనే. దాన్ని మనకే వచ్చిన శ్రమగా ప్రకటించండి. పక్కింట్లో పదో తరగతి పరీక్ష రాసే పిల్ల ఉంటే ఆమె జ్ఞానం కోసం కూడా మైకులోనే ప్రార్థించండి, వినపడుతుంది.

కొన్ని పాత కథలు కుర్రకారు చెవిన పడకుండా చూసుకోవాలి. వాటిలో మొదటిది ఒంగోలు ప్రార్థన కొండ. 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు పదిహేనేళ్లు తిరగకముందే మూతపడే గతి పట్టింది. చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసి దిగారు. ఫ్లెక్సీ లేదు, ముఖ్య అతిథి లేడు, లైవు లేదు. ఇలా చేస్తే సంఘం ఎట్టా పెరుగుతుంది చెప్పండి?

రెండోది ఇంకా ప్రమాదకరం. 1876 నుంచి 78 దాకా నడిచిన కరువులో అదే మిషన్‌లోని క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలీ పని ఇచ్చాడు. మన తీరం వెంబడి పోయే కాలువే అది. పనికొచ్చిన జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఆపి ఉంచాడు. రిపోర్టులో అంకె పెంచుకొనే అవకాశం గడపలోకొస్తే తలుపేసుకున్న మనిషిని ఏమనాలి? కూలీ పని అయిపోయాక కూడా వాళ్లు వెనక్కి పోలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకె మాత్రం సభల్లో బాగా చెప్పుకోండి. ముందు ఆయన ఆపిన సంగతి చెప్పబళ్లేదు.

కానుకల విషయానికొస్తే, అయిదు వేలు పైన ఇచ్చినవాళ్ల పేర్లు నిదానంగా, ఇంటిపేరుతో సహా చదవండి. రెండు కాసులు వేసిన విధవరాలు మన సంఘంలో ఉంటే 'ఇతరులు' అన్న పద్దులో సరిపోతుంది.

చీలిక వస్తే భయపడవద్దు. ఒకే వీధిలో రెండు రేకుల షెడ్లు లేచి, రెండు మైకులు ఎదురెదురుగా ఒకే దేవుణ్ణి పిలుస్తుంటే ఊరికి ఎంత ఆత్మీయ మేలు! చీలికకు సిద్ధాంతమే కావాలని లేదు, క్రిస్మస్ బిరియానీ డబ్బుల లెక్క చాలు.

తుఫానులప్పుడు జాగ్రత్త. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ నెల్లూరు తీరాన్ని ముంచినట్టు మళ్లీ ముంచితే, స్వర్ణముఖి పొంగితే, గుడిసెల్లో వాళ్లు స్లాబు మందిరం వైపు చూస్తారు. తాళం చెవి గూడూరులో ఉందని చెప్పండి. లోపల కొత్త తివాచీ ఉంది, బురద కాళ్లు. వచ్చేవాళ్లంతా మన విశ్వాసులే అయ్యుంటారన్న నమ్మకం కూడా లేదు. బయటి నుంచి చేతులు చాచి గాలిని గద్దించండి.

ఎవరైనా నెల్లూరు ఆసుపత్రిలో పడితే "ప్రార్థన చేస్తున్నాం" అని వాట్సాప్‌లో రెండు చేతుల బొమ్మ పెట్టండి. బస్సు చార్జీ మిగులుతుంది. రాత్రి తోడు కూర్చోవడానికి, రక్తం ఇవ్వడానికి ఆ ఇంటివాళ్లకు బంధువులుంటారు లెండి.

చివరిగా ఒక హెచ్చరిక. ప్రతి సంఘంలోనూ ఒక అవ్వ ఉంటుంది. నాట్లకు పొయ్యొచ్చి, కాళ్లు కడుక్కొని, వెనక చాప మీద కూర్చుంటుంది. ఆమెను ప్రార్థన చెయ్యమన్నారో, "నాయనా, పొద్దున గంజి పోసినావు. ఆ మిద్దింటి పిలగాణ్ణి చూసొచ్చినా, అన్నం తినేటట్టు జేయి. ఆమెన్" అని ముగించేస్తుంది. కూడికలో ఎవరికీ తర్వాత ఏం మాట్లాడాలో తోచదు, ఇంకా తొమ్మిది అంశాలు మిగిలే ఉంటాయి. కాబట్టి ఆమెకు చాపలు చుట్టే పని అప్పగించండి. ఒకవేళ పొరపాటున మైకు ఆమె చేతికి పోయిందా, వెంటనే లాక్కొని "అవ్వగారి భావాన్ని దేవునికి నేను వివరిస్తాను" అని మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలు చాలు.