చిన్న జట్టు కొన్నవారికి తలకిందుల సలహాలు

డబ్బు తక్కువున్న బేస్‌బాల్ జట్టు కొన్నారా? అయితే ముందు దాని మ్యాచ్‌లు చూడటం మానేయండి. ఓక్లాండ్ అథ్లెటిక్స్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ తన జట్టు ఆడుతుంటే కూర్చుని చూసేవాడు కాదు, జిమ్‌లో గడిపేవాడు. అదే సరైన పద్ధతి. నిన్న రాత్రి ఓ కుర్రాడు కొట్టిన హోమ్ రన్ కళ్లారా చూశారంటే, 162 మ్యాచ్‌ల సీజన్లో అతని లెక్క ఏమిటో మర్చిపోయి పొద్దున్నే చెక్కు రాసేస్తారు.

జనం ప్రాణం పెట్టే ఆటగాణ్ని పోనివ్వండి. 2001 సీజన్ తర్వాత ఓక్లాండ్ ఆటగాడు జేసన్ జియాంబీకి న్యూయార్క్ యాంకీస్ ఏడేళ్లకు 12 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పట్లో ఓక్లాండ్‌లో అందరి జీతాలూ కలిపినా ఏడాదికి 4 కోట్ల చిల్లరే. వాళ్లు అతని బదులు స్కాట్ హాటెబర్గ్‌ను తెచ్చుకున్నారు. మోచేతి నరం దెబ్బతిని బంతి సరిగా విసరలేని క్యాచర్! అలాంటివాణ్ని అలవాటే లేని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టారు. అతనిలో వాళ్లు చూసింది ఒక్కటే: చెడ్డ బంతిని ముట్టుకోడు. బంతి విసిరే పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులేస్తే బ్యాటరు బ్యాటు పడేసి ఊరికే ఫస్ట్ బేస్‌కు నడిచి వెళ్తాడు. చప్పట్లు పడవు గానీ పరుగుకు దారి పడుతుంది. 2002 సెప్టెంబర్ 4న కాన్సాస్ సిటీ మీద 11-0తో ముందున్న ఓక్లాండ్ 11-11కి జారిపోయినప్పుడు, చివర్లో హోమ్ రన్ కొట్టి గెలిపించింది ఈ హాటెబర్గే. అది వరసగా 20వ గెలుపు.

తర్వాత, ఓడిపోండి. ఏళ్ల తరబడి. సగం గెలిచి సగం ఓడే జట్టంత దండగ వ్యాపారం ఇంకోటి లేదు. పేకాటలో ముక్కలు బాగా పడకపోతే మొదట్లోనే డ్రాప్ అవుతాం, ఇదీ అంతే. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011లో 106, 2012లో 107, 2013లో 111 మ్యాచ్‌లు ఓడింది. 2013 సెప్టెంబర్‌లో ఒక మ్యాచ్‌కు సొంత ఊళ్లోనే టీవీ రేటింగ్ సున్నా వచ్చింది. రానివ్వండి. అట్టడుగున ఉన్నందుకే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక వాళ్లకు దక్కింది, 2012లో కార్లోస్ కొరెయా చిక్కాడు, 2017లో వరల్డ్ సిరీస్ టైటిల్ వచ్చింది. ఆ ఏడాదే కెమెరాతో ఎదుటి క్యాచర్ సైగలు పట్టి, రాబోయే బంతి ఎలాంటిదో చెత్తడబ్బా కొట్టి తమ బ్యాటర్లకు చెప్పారు. అది దొంగతనం. దాన్ని లెక్కల ఖాతాలో వేయకండి, మీ జట్టులో అడుగు పెట్టనివ్వకండి.

అన్నిటికన్నా కష్టమైన సలహా ఇప్పుడు చెబుతున్నాను. బ్రహ్మాండంగా వేస్తున్న పిచ్చర్‌ను మధ్యలోనే దించేయండి. 2020 అక్టోబర్ 27, వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. టాంపా బే పిచ్చర్ బ్లేక్ స్నెల్ 73 బంతులేశాడు, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు, ఇచ్చింది రెండే హిట్లు. జట్టు 1-0తో ముందుంది. రావాల్సిన మొదటి ముగ్గురు బ్యాటర్లూ ఆ రాత్రి అతని చేతిలో రెండేసి సార్లు స్ట్రైకౌట్ అయినవాళ్లే. అయినా ఆరో ఇన్నింగ్స్‌లో మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి బంతి తీసేసుకున్నాడు. కొత్త పిచ్చర్ రాగానే ఎదుటి జట్టు బ్యాటర్ మూకీ బెట్స్ డబుల్ కొట్టాడు, కాసేపట్లో ఆధిక్యం పోయింది, మ్యాచ్ 3-1తో పోయింది, దాంతో సిరీసూ పోయింది. అమెరికా అంతా క్యాష్‌ను తిట్టింది.

నేను తిట్టను. ఒకే పిచ్చర్‌ను మూడోసారి ఎదుర్కొనే బ్యాటర్లు మొదటిసారి కన్నా బాగా కొడతారని ఏళ్ల లెక్కలున్నాయి. క్యాష్ సీజనంతా ఆ లెక్క మీదే నడిచాడు, అక్కడిదాకా వచ్చిందీ దాంతోనే. ఆఖరి మెట్టు మీద నమ్మకం మార్చుకోమంటారా? ఫలితం ఒక్క రాత్రిది, నిర్ణయం వెయ్యి రాత్రులది. మీ మేనేజరు ఇలాగే ఓడి వస్తే ఉద్యోగం తీయకండి, రేపూ అదే చెయ్యమనండి. టాంపా బే క్యాష్‌ను ఉంచుకుంది, ఆ డిసెంబర్‌లోనే స్నెల్‌ను శాన్ డియాగోకు ఇచ్చేసింది, మరుసటి సీజన్లో 100 మ్యాచ్‌లు గెలిచింది.